వెనక చక్రం వంకర: ఇంట్లో కొలవచ్చు, తిప్పడానికి మాత్రం బోల్టే ఉండదు

క్లుప్తంగా

కారు వెనక చక్రం క్యాంబర్‌ని, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత వాలిందో ఆ కోణాన్ని, దారం, గుండు, స్కేలు పెట్టి ఇంటి ముందే పనికొచ్చేంత కరెక్టుగా కొలుచుకోవచ్చు. కానీ మన దిక్కు తిరిగే చిన్న కార్లల్ల చాలావాటికి వెనక క్యాంబర్ మార్చే ఏర్పాటే ఉండదు, అంకె తప్పిందంటే ఎక్కడో ఏదో వంగింది లేదా అరిగింది అన్నట్టు. టైరుని తొందరగా తినేది కూడా ఎక్కువసార్లు క్యాంబర్ కాదు, టో, అంటే పైనుంచి చూస్తే చక్రం నేరుగా కాకుండా పక్కకి తిరిగి ఉండటం. క్యాంబర్ కదిలిస్తే టో కూడా కదులుతది, ఆ టోని ఇంట్లో కొలవడం కష్టం, అసలు చిక్కంతా ఇక్కడే.

ఎర్ర అంకెతో మొదలయ్యే కంగారు

వానాకాలం పోయి గుంతలు బయటపడ్డంక హన్మకొండ, కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల ఎక్కడ చూసినా అలైన్‌మెంట్ షాపుల ముందు కార్లు లైను కడతయ్. స్టీరింగ్ ఒక పక్కకి గుంజుతుందని ముందు చక్రాల కోసం పోతే, కంప్యూటర్ తెర మీద వెనక చక్రాల దగ్గర ఎర్ర అంకెలు కనబడతయ్. "వెనక క్యాంబర్ పోయింది, ఇట్లనే తిప్పితే టైర్లు ఖతం" అన్న మాట చెవిన పడతది. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే రెండు వాషర్లు, ఒక పానా, అరగంట టైం ఉంటే చాలని చూపించే వీడియోలు మస్తు దొరుకుతయ్. షాపు మాట ఒక దిక్కు, వీడియో మాట ఇంకో దిక్కు, మధ్యల ఓనర్‌కి అసలు తన కారుకి రోగం ఉందా లేదా అన్నదే తేలదు.

ఎర్ర అంకె ఉంటే రోగం ఉన్నట్టే అనుకోవడం మొదటి తప్పు. మిషన్ తనంతట తాను ఏదీ తేల్చదు, ఆపరేటర్ ఏ మోడల్ ఎంచుకుంటే ఆ మోడల్ లెక్కతో పోల్చి ఎరుపో పచ్చో వేస్తది. ఒకే పేరుతో రెండు మూడు తరాల కార్లు వచ్చినయ్ మన దేశంలో, పాతదాని పేరు నొక్కి కొత్తదాన్ని కొలిస్తే బాగున్న చక్రం కూడా ఎర్రగనే కనబడతది. ఒక టైర్ల గాలి తక్కువున్నా, డిక్కీల రెండు బియ్యం బస్తాలు మర్చిపోయినా అంకెలు మారతయ్. అందుకే పేపర్ ప్రింట్ తీసుకోగానే పైన మోడల్ పేరు, సంవత్సరం సరిగ్గా ఉన్నయా లేదా చూడాలె, కింద అంకెల సంగతి ఆ తర్వాత.

రెండో తప్పు అంకెని చదవడంలోనే జరుగుతది. చాలా మిషన్లు క్యాంబర్‌ని డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తయ్. -1°30′ అని ఉంటే అది ఒకటిన్నర డిగ్రీ, 1.3 కాదు, ఎందుకంటే డిగ్రీకి 60 నిమిషాలు. ఇట్లా తప్పు చదివి గొడవ పడేవాళ్ళు తక్కువేం లేరు.

మూడోది, మైనస్ గుర్తు చూసి భయపడటం. చక్రం పైభాగం లోపలికి వాలితే మైనస్, బయటికి వాలితే ప్లస్, అంతే, మైనస్ అంటే తప్పు అని అర్థం కాదు. ఈ రోజు అమ్ముడుపోయే చిన్న కార్లల్ల చాలావాటికి వెనక చక్రాలు కంపెనీ నుంచే దాదాపు 1 నుంచి 1.5 డిగ్రీల మైనస్‌తో వస్తయ్, మలుపు తిరిగేటప్పుడు బండి బరువు బయటి చక్రం మీదికి వచ్చినా టైరు రోడ్డుకి నిండుగా ఆనాలని. వెనక నుంచి కూర్చొని చూస్తే ఆ ఒకటిన్నర డిగ్రీ కంటికి బాగానే కనబడతది, "వంకర ఉంది చూడు" అంటే ఎవరైనా నమ్ముతరు. కంపెనీ మాన్యువల్‌లో ఉన్న అంకె, దానికి ఇచ్చిన అటూఇటూ, ఈ రెండిటి బయట ఉంటేనే మాట్లాడాలె.

స్టీలు గ్లాసు చెప్పే సంగతి

క్యాంబర్ ఏం చేస్తదో వంటింట్లనే చూడొచ్చు. పైన వెడల్పు కింద సన్నగ ఉండే స్టీలు గ్లాసుని పడుకోబెట్టి దొర్లిస్తే నేరుగా పోదు, సన్నని అడుగు దిక్కు గుండ్రంగా తిరుగుతది. వాలిన చక్రం కూడా ఇట్లనే, వాలిన దిక్కు బండిని గుంజుతది. రెండు వెనక చక్రాలు సమానంగా లోపలికి వాలితే ఎడమది కుడికి, కుడిది ఎడమకి నెట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటయ్. ఒకటి 1 డిగ్రీ, ఇంకోటి రెండున్నర డిగ్రీలు ఉంటే మాత్రం రద్దు కాదు. అందుకే క్యాంబర్ ఎంత ఉంది అన్నదాని కంటే కుడి ఎడమల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం, అర డిగ్రీ దాటితే కారణం వెతకాలె.

టో అంటే వేరే సంగతి. పైనుంచి చూస్తే చక్రం నేరుగా ముందుకి చూస్తుందా, లోపలికో బయటికో తిరిగిందా అన్నది టో. పిల్లలు కాళ్ళు లోపలికి తిప్పి నడిచినట్టు ఉంటే టో-ఇన్, బాతు నడక అయితే టో-అవుట్. టైరుకి ఇది ఎంత నష్టమో లెక్క వేస్తే తెలుస్తది. చక్రం అర డిగ్రీ పక్కకి తిరిగి ఉందనుకుంటే, కిలోమీటరు పోయేసరికి దాదాపు 9 మీటర్లు పక్కకి రుద్దుకున్నట్టు లెక్క. వరంగల్ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్ల దాకా ఉంటది, అంటే ఒక్క ట్రిప్‌కి ఆ టైరు కిలోమీటరు పైన రోడ్డుని అడ్డంగా గీకుతూ పోయినట్టే. అర డిగ్రీ క్యాంబర్ తేడా ఉంటే మాత్రం టైరు దొర్లుడు దొర్లుతనే ఉంటది, బరువు కొంచెం లోపలి అంచు మీద ఎక్కువ పడతది అంతే. టో సరిగ్గా ఉన్నప్పుడు ఒకటిన్నర, రెండు డిగ్రీల క్యాంబర్‌తో కూడా టైర్లు మంచిగనే నడుస్తయ్, మధ్యమధ్యల ముందువి వెనక్కి వెనకవి ముందుకి మార్చుకుంటే చాలు.

షాపు మాటని నమ్మాలా వద్దా అన్నదానికి టైరే సాక్షి. వెనక టైరు లోపలి అంచు బయటికి కనబడదు, మోకాళ్ళ మీద కూర్చొని ఫోన్ లైటు వేసి చూడాలె. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి తోమితే, ఒక దిక్కు నున్నగా జారి ఇంకో దిక్కు రంపం పళ్ళ లెక్క తగిలితే అది టో. లోపలి అంచు ఒక్కటే నున్నగా వాలుగా అరిగి, చేతికి ఏ పన్నూ తగలకపోతే క్యాంబర్ మీద అనుమానం పెట్టొచ్చు. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు పడ్డట్టు ఉంటే షాకబ్జర్ల పని అయిపోయింది. చాలా టైర్ల మీద రంపం పళ్ళు, వాలు రెండూ కలిసే ఉంటయ్, అప్పుడు ముందు టో సంగతి చూడాలె.

ఏ కారుకి తిప్పే వీలుంది, దేనికి లేదు

వీడియోలు గందరగోళం పెంచడానికి పెద్ద కారణం ఇది. వీడియో తీసిన కారు వేరు, చూసేవాళ్ళ కారు వేరు. వెనక భాగం మూడు రకాలుగా ఉంటది.

బొలెరో, టాటా ఏస్ లాంటివాటికి కమాన్ పట్టీల మీద ఒకటే గట్టి యాక్సిల్. స్కార్పియో, ఇన్నోవా క్రిస్టాల్లో కమాన్ పట్టీల బదులు కాయిల్ స్ప్రింగులు ఉంటయ్ కానీ యాక్సిల్ మాత్రం గట్టిదే. వీటిల్ల క్యాంబర్ మార్చడం అన్న ప్రశ్నే రాదు, బరువు వేసినా తీసినా చక్రం నిలువుగనే ఉంటది. వాలిందంటే బేరింగ్ వదులైంది లేదా యాక్సిల్ వంగింది.

స్విఫ్ట్, బలెనో, ఐ20, టియాగో, పంచ్, నెక్సాన్, క్రెటా, ఇట్లా ఊర్లల్ల కనబడే కార్లల్ల ఎక్కువ శాతం రెండో రకం. రెండు వెనక చక్రాల నడుమ మెలి తిరగగలిగే ఒక ఇనుప బీమ్ ఉంటది, దాని రెండు కొనలకి ప్లేట్లు, ఆ ప్లేట్లకి నాలుగు బోల్టులతో చక్రం తిరిగే హబ్ బిగిస్తరు. క్యాంబర్, టో రెండూ ఆ ప్లేటు వెల్డింగ్ చేసిన కోణంలోనే ఫ్యాక్టరీల ఖాయం అయిపోతయ్. తిప్పడానికి బోల్టు లేదు, గాడి లేదు. ఖర్చు తక్కువ, జాగా తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ కాబట్టి కంపెనీలు ఇదే పెడతయ్, అందుల తప్పు పట్టేదేం లేదు.

మూడోది ఇండిపెండెంట్, ఒక్కో చక్రం దేనికది వేరుగా కదిలేది. పాత హోండా సివిక్, ఎక్స్‌యూవీ 700, జీప్ కంపాస్ లాంటివి ఈ లెక్కలోకి వస్తయ్. వీటిల్ల కొన్నిటికి కింది ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కడ్డీ) బోల్టుకి రంధ్రం నడుమ కాకుండా పక్కకి ఉన్న వాషర్ ఉంటది, దాన్ని తిప్పితే ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతది. వీడియోల్లో బోల్టు తిప్పి అరగంటల ముగించే పని ఈ రకం కార్లదే. ఇండిపెండెంట్ అయినంత మాత్రాన అన్నిటికీ క్యాంబర్ బోల్టు ఉంటదనుకోవద్దు, కొన్నిటికి వెనక టో ఒక్కటే మారుతది.

తెలంగాణ రోడ్ల మీద ఏళ్ళ తరబడి టాక్సీగా తిరిగిన పాత ఇండికా కూడా ఇండిపెండెంటే. 1998 చివర్ల వచ్చిన ఆ కారుకి వెనక ఏటవాలుగా బిగించిన ఆర్మ్‌లు ఉంటయ్, బరువు పడి చక్రం పైకి లేచిన కొద్దీ దాని తల లోపలికి వాలుతది. పెళ్ళి బృందం ఎనిమిది మంది ఎక్కినంక వెనక నుంచి చూస్తే ఆ కారు కాళ్ళు ఎడం చేసి కూర్చుంటున్నట్టు కనబడేది, అందరూ దిగితే మళ్ళీ మామూలే. అది వంగిపోవడం కాదు, డిజైనే అంత. తర్వాత వచ్చిన విస్టాకి బీమ్ పెట్టిన్రు, దానికి ఈ వేషం లేదు. బరువుకి వాలే కారుని ఖాళీగ కొలవాలె, బరువు మీద కొలిచి తప్పు అనొద్దు. ఖాళీగ ఉన్నప్పుడు కూడా అట్లనే వాలి ఉంటే స్ప్రింగులు కుంగినట్టు, అప్పుడు క్యాంబర్‌ని కాదు స్ప్రింగులని మార్చాలె.

బీమ్ ఎట్లా వంగుతది

మామూలుగా నడిచే బండి బీమ్ ఊరికే వంగదు, పెద్ద దెబ్బ పడాలె. ఆ దెబ్బలకి ఉత్తర తెలంగాణల కొదవ లేదు. 2023 జులై ఆఖర్ల ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పడ్డ వానకి మోరంచపల్లి మొత్తం నీళ్ళల్ల మునిగింది, రోడ్లు కొట్టుకపోయినయ్. అంత పెద్ద వాన రాకపోయినా ప్రతి యేడు నాట్ల టైంకి ట్రాక్టర్లు కేజ్ వీల్స్ తోనే తారు రోడ్డు ఎక్కుతయ్, ఆ ఇనుప చక్రాలు తారుని గీరి పెడితే తర్వాతి వానకి అక్కడ గుంత రెడీ. బొగ్గు, ఇసుక, గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల సంగతి సరే సరి.

ఇంకోటి కోతల తర్వాత వచ్చేది. వడ్లు రోడ్డు మీద సగం దాకా ఎండబోసి, బండ్లు ఎక్కకుండా అంచు పొంటి బండరాళ్ళు పెడతరు. రాత్రి ఎదురు లైట్ల వెలుతురుల ఆ రాయి కనబడదు. ముందు చక్రాన్ని డ్రైవర్ చివరి నిమిషంల తప్పిస్తడు కానీ వెనక చక్రం మలుపుకి లోపలి నుంచి వస్తది కాబట్టి దెబ్బ దానికే తగులుతది, అది కూడా పక్క నుంచి. గుంతల పడితే దెబ్బ కింద నుంచి పైకి పోతది, దాన్ని స్ప్రింగు, షాకబ్జర్ కొంత మింగుతయ్. పక్క దెబ్బని మింగేది ఏదీ లేదు, నేరుగా హబ్‌కి, స్టబ్ యాక్సిల్‌కి (చక్రం తిరిగే పొట్టి ఇరుసుకి), బీమ్ కొనకి పోతది. డివైడర్‌కి, కాలువ గట్టుకి వెనక చక్రం రాసుకున్నా ఇదే కథ. అలైన్‌మెంట్ పేపర్ల ఒక్క చక్రమే తేడా చూపిస్తే, ఆ పక్క రిమ్ము లోపలి అంచు మీద నొక్కు ఉందేమో చూడాలె, ఎక్కువసార్లు ఉంటది.

దెబ్బ ఏదీ తగలకుండానే అంకె మారితే వీల్ బేరింగ్ మీద అనుమానం పెట్టాలె. వెనక చక్రం లేపి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపితే టక్ టక్ మని ఆట తెలిస్తే బేరింగ్ పోయినట్టే. ఆట ఉన్న చక్రానికి క్యాంబర్ కొలవడం దండగ, ఒక్కో సారి ఒక్కో అంకె వస్తది.

దారం, గుండు, స్కేలు

కొలవడం వరకు ఇల్లు షాపుకి పెద్దగ తీసిపోదు, ఓపిక ఉండాలె అంతే. నాలుగు టైర్లల్ల గాలి కరెక్టుగా పట్టాలె, డిక్కీ ఖాళీ చేయాలె, స్టెప్నీ దాని జాగాల ఉండాలె. బండిని పది అడుగులు ముందుకి వెనక్కి జరిపి ఆపితే సస్పెన్షన్ కుదురుకుంటది. ఇప్పుడే జాకీ దించిన బండిని అట్లనే కొలవొద్దు, లేపినప్పుడు కిందికి వేలాడిన చక్రాలు వెంటనే అసలు జాగాకి రావు.

గోడ కట్టే మేస్త్రీలు వాడే గుండు దారాన్ని చక్రం నడుమ మీదుగా వచ్చేటట్టు ఫెండర్ నుంచి వేలాడదీయాలె, గుండు నేలకి తగలొద్దు, గాలికి ఊగితే నీళ్ళ మగ్గుల ముంచి పెడితే ఆగుతది. దారం నుంచి రిమ్ము పై అంచుకి ఎంత, కింది అంచుకి ఎంత, మిల్లీమీటర్లల్ల స్కేలుతో చూడాలె. టైరు మీద కొలవొద్దు, కింద బరువుకి ఉబ్బి ఉంటది. 14 ఇంచుల రిమ్ముకి అంచు నుంచి అంచుకి 390 మిల్లీమీటర్ల దాకా ఉంటది, 14 ఇంచులు అనేది టైరు కూర్చునే లోపలి కొలత. ఆ పొడుగుకి 1 డిగ్రీ అంటే దాదాపు 6.8 మిల్లీమీటర్ల తేడా.

ఉదాహరణకి ఎడమ చక్రం దగ్గర పైన 42, కింద 34 వచ్చిందనుకుందాం. పైన దూరం ఎక్కువ కాబట్టి తల లోపలికి వాలింది, తేడా 8. రిమ్మే కొంచెం సొట్ట అయి ఉండొచ్చు కాబట్టి బండిని సగం చుట్టు ముందుకి జరిపి మళ్ళీ కొలవాలె. ఈసారి తేడా 10 వచ్చిందంటే రెండిటి సగటు 9, దాన్ని 6.8 తో భాగిస్తే 1.3 డిగ్రీలు, మైనస్. సొట్ట సంగతి కూడా ఇందుల్నే తెలిసిపోతది.

ఇక్కడ అందరూ మోసపోయేది నేల దగ్గర. మన ఇండ్ల వాకిళ్ళు చదునుగా ఉండవు, కడిగిన నీళ్ళు నిలవకుండా పోవాలని మేస్త్రీ ఏదో ఒక పక్కకి వాటం పెడతడు. కంటికి తెలియదు. రెండు వెనక చక్రాల మధ్య దూరం చిన్న కార్లకి దాదాపు ఒకటిన్నర మీటరు, ఆ దూరంల ఒక పక్క అర ఇంచు కిందికి ఉంటే చాలు బండి మొత్తం అర డిగ్రీ పక్కకి ఒరుగుతది. నిజంగా రెండు చక్రాలూ మైనస్ 1.3 ఉన్న కారు, ఆ వాకిట్ల ఒక పక్క మైనస్ 1.8, ఇంకో పక్క మైనస్ 0.8 చూపిస్తది. చూసినోళ్ళు ఒక చక్రం వంగిందని ఖాయం చేసుకుంటరు, వంగింది వాకిలి.

దీనికి మందు సులువే. అదే జాగాల బండిని వెనక్కి తిప్పి, ఇంతకుముందు వెనక ఎడమ చక్రం ఉన్న చోట ఇప్పుడు వెనక కుడి చక్రం వచ్చేటట్టు పెట్టి, మళ్ళీ కొలిచి ఏ చక్రానికి ఆ చక్రం సగటు తీస్తే వాటం రద్దయిపోతది. తిప్పే జాగ లేకపోతే మేస్త్రీల పద్ధతిల సన్నని పారదర్శక పైపుల నీళ్ళు నింపి రెండు చక్రాల దగ్గర నీటి మట్టం చూసి, తగ్గిన పక్క టైలు ముక్కలు పెట్టి లేపొచ్చు. ఫోన్‌లో లెవల్ చూపించే యాప్ వాడేవాళ్ళు ఫోన్‌ని ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా ఆనించి చూడాలె, రెండు అంకెలు కలవకపోతే ఆ తేడాల సగం ఫోన్‌దే. ఎట్లా చేసినా వాకిలి వాటం సంగతి ఫోన్‌కి తెలియదు.

కొలత వచ్చింది, తిప్పితే ఏమైతది

స్కేలుతో మిల్లీమీటరు తప్పు చదివితే క్యాంబర్‌ల 0.15 డిగ్రీల తప్పు వస్తది. క్యాంబర్‌కి కంపెనీలు సాధారణంగా అర డిగ్రీ అటూఇటూ ఒప్పుకుంటయ్ కాబట్టి ఆ తప్పు లెక్కల్లోకి రాదు. టోని కూడా దారాలు కట్టి రిమ్ము ముందంచు, వెనకంచు కొలిచే పద్ధతి ఉంది, అక్కడ కూడా మిల్లీమీటరుకి అదే 0.15 డిగ్రీలు, అంటే 9 నిమిషాలు. కానీ టోకి ఇచ్చే అటూఇటూ మొత్తమే చాలా కార్లల్ల దాదాపు అంత ఉంటది. ఒకే స్కేలు, ఒకే చెయ్యి, ఒక పనికి చాలుతది ఇంకో దానికి చాలదు. ఇండిపెండెంట్ కారుల ఆర్మ్ బోల్టు తిప్పితే క్యాంబర్‌తో పాటు టో కూడా జరుగుతది, అందుకే షాపులల్ల కూడా ముందు క్యాంబర్, తర్వాత టో, వెనకవి అయిపోయినంకనే ముందు చక్రాలు అన్న వరుస పాటిస్తరు. ఇంట్లో క్యాంబర్ ఒక్కటి సరి చేసి వదిలేస్తే, నెమ్మదిగా అరిగే టైరుని తొందరగా అరిగే టైరుగా మార్చుకున్నట్టు. బోల్టు ఉన్న కార్లకి కూడా ఇంటి పని తర్వాత అలైన్‌మెంట్ మిషన్ మెట్లు ఎక్కక తప్పదు.

వెనక టో రెండు పక్కలా సమానంగా లేకపోతే ఇంకో చిక్కు. బండి వెనక భాగం ఒక పక్కకి చూస్తది కాబట్టి స్టీరింగ్ కొంచెం తిప్పి పట్టుకుంటేనే నేరుగా పోతది, వెనక పోయేవాళ్ళకి ఆ కారు పీత లెక్క ఏటవాలుగా నడుస్తున్నట్టు కనబడతది. ముందు చక్రాలు ఎన్నిసార్లు అలైన్ చేయించినా స్టీరింగ్ నడుమకి రావట్లేదంటే కారణం ఎక్కువగా వెనకనే దొరుకుతది.

బీమ్ కార్లకి వీడియోల్లో చూపించే చిట్కా వాషర్లు. హబ్‌కీ బీమ్ ప్లేటుకీ నడుమ, పై రెండు బోల్టుల దగ్గర వాషర్లు పెడితే హబ్ తల బయటికి వస్తది, మైనస్ తగ్గుతది. లెక్క తప్పు కాదు. పై బోల్టులకీ కింది బోల్టులకీ 70 మిల్లీమీటర్ల దూరం ఉందనుకుంటే, 1 డిగ్రీకి కావాల్సిన మందం 1.2 మిల్లీమీటర్లే. చిక్కంతా ఆనుడుల ఉంది. వాషర్ పెట్టంగనే ప్లేటు మొత్తం ఆనాల్సిన హబ్ నాలుగు చుక్కల మీద నిలబడతది, చక్రం దెబ్బ తిన్నప్పుడల్లా ఆ బోల్టులు గుంజుడుకే కాదు వంగుడుకి కూడా గురైతయ్, బోల్టులని ఆ పనికి చేయలేదు. డ్రమ్ము బ్రేకు ప్లేటు కూడా ఆ నడుమనే ఇరికి ఉంటది, అది వంగితే లైనర్ రాసుకుంటది, ఏబీఎస్ సెన్సార్ దూరం మారి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగినా ఆశ్చర్యం లేదు. దీనికి సరైన వస్తువు ఒకటి ఉంది, ప్లేటు అంత వెడల్పుతో ఒక పక్క మందం, ఒక పక్క సన్నం ఉండేటట్టు చేసిన షిమ్. నాలుగు బోల్టుల చుట్టూ నిండుగా ఆనుతది, క్యాంబర్, టో రెండిటికీ కలిపి లెక్క వేసి ఏ కోణంల తిప్పి పెట్టాలో చూసుకొని బిగిస్తరు. మన దగ్గర అది ప్రతి షాపుల దొరికే సరుకు కాదు, అయినా వంగిన బీమ్‌కి షిమ్ పెట్టడం అంటే విరిగిన కాలుకి ఎత్తు మడమ చెప్పు కుట్టించినట్టే. స్టబ్ యాక్సిల్ వంగితే స్టబ్ యాక్సిల్, బీమ్ వంగితే బీమ్ మార్చడమే దారి.

అది ఖర్చు అనిపించినప్పుడు వచ్చే మాట "క్యాంబర్ కొట్టడం". గొలుసులు, హైడ్రాలిక్ జాకీ తగిలించి చల్లగా ఉన్న ఇనుముని వంచి అంకెని పచ్చగా చేస్తరు. పేపర్ మీద చూడ్డానికి మంచిగనే ఉంటది. ఒకసారి దెబ్బకి వంగిన ఇనుముని ఎదురు దిక్కు వంచితే అది మొదటి బలంతో ఉండదు, పోత పోసిన భాగాలు అయితే కంటికి కనబడని చీలిక కూడా పడొచ్చు. పైగా ఏ భాగం వంగిందో చూసుకోకుండా గుంజితే వంగనిది వంగి, వంగింది అట్లనే ఉండి, రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు అంకె వస్తది. చేయించుకునేవాళ్ళు కనీసం ఏ భాగాన్ని వంచుతున్నరో అడగాలె.

జాకీ కింద మనిషి

ఇంట్లో వెనక చక్రం పని చేసేవాళ్ళు ఒకటి మర్చిపోతరు. మన కార్లల్ల హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం లేపినంక ఆ బ్రేకు గాలిల తిరిగే చక్రాలని పట్టుకొని ఏం లాభం, బండి ముందు చక్రాల మీద దొర్లుతది. ముందు రెండు చక్రాలకీ ముందొక కట్టె ముక్క, వెనకొక కట్టె ముక్క పెట్టాలె, ముందు చక్రాలతో నడిచే కారు అయితే గేరుల వేయాలె. బండి కిందికి పోవాల్సి వస్తే జాకీని నమ్మొద్దు, ఇటుకలు పేర్చి ఆనించడం అంతకంటే ఘోరం, బరువుకి ఒక్కసారిగా పొడి అయితయ్. జాకీ స్టాండ్లు కావాలె.

రబ్బరు బుష్‌లు ఉన్న బోల్టులని చక్రం వేలాడుతున్నప్పుడు ఫుల్ టైట్ చేయొద్దు. బండి దించి, బరువు చక్రాల మీద పడ్డంకనే చివరి బిగుతు ఇవ్వాలె. లేకపోతే ఆ రబ్బరు ఎప్పటికీ మెలి తిరిగే ఉండి కొన్నాళ్ళకి చీలుతది, అప్పుడు అంకె మళ్ళీ మారుతది.

కొత్త కార్లతో మారేది

ఇండిపెండెంట్ వెనక సస్పెన్షన్ ఉన్న పెద్ద ఎస్‌యూవీలు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా మామూలు అయినయ్, సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి కూడా వస్తున్నయ్. వీటికి బీమ్ కార్ల లెక్క "వెనక ఏం ఉండదు, ముందు రెండు చూసి పంపు" అంటే కుదరదు, నాలుగు చక్రాలకీ సెన్సార్లు పెట్టే మిషన్ కావాలె, ఏ బోల్టు తిప్పితే ఏది మారుతదో తెలిసిన మనిషి కావాలె. దానికి తోడు ముందు అద్దం వెనక కెమెరా, బంపర్‌ల రాడార్ ఉండి తనంతట తాను బ్రేకు వేసే కార్లల్ల, ఆ కెమెరా, రాడార్ రెండూ బండి నేరుగా ఎటు పోతుందో దాన్ని బట్టే చూస్తయ్. ఆ దిక్కుని ఖాయం చేసేది వెనక చక్రాల టో. వెనక బోల్టు తిప్పినంక వాటి కాలిబ్రేషన్ కూడా చూపించుకోవాలని చాలా కంపెనీలు చెప్తయ్, అలైన్‌మెంట్ బిల్లుల ఆ లైను ఉందో లేదో బండి తీసుకునే ముందే అడిగి తెలుసుకోవాలె.